జగడాల బండ మీద మజ్జిగ ముంత

అనగనగా, ఎండా వానా మనుషుల మాటకు మారుమాట చెప్పే కాలంలో, జంటగిరి అనే ఒక రాజ్యం ఉండేది.

ఆ రాజ్యానికి ఇద్దరు దేవుళ్ళు. ఎండరాయుడు, చినుకమ్మ. ఇద్దరూ ఆలుమగలు. తూర్పు కొండ మీద అయ్య గుడి. దానికి పైకప్పు లేదు. స్వామికి నీడ గిట్టదు. పడమటి కొండ మీద అమ్మ గుడి. దానికి పైకప్పు ఉంది గాని, కావాలనే కారేటట్టు కట్టారు. అయ్యవారి వాహనం తొండ. అమ్మవారి వాహనం కప్ప. ఎప్పుడూ వేడిలో ఉండే అయ్యకు మజ్జిగ నైవేద్యం. ఎప్పుడూ తడిలో ఉండే అమ్మకు మిరియాల చారు నైవేద్యం.

రెండు కొండల నడుమ చదునైన పెద్ద రాయి ఒకటి ఉంది. దాని పేరు జగడాల బండ.

ఏటా విత్తనాల వేళ రెండు విగ్రహాలనూ కిందికి దించి, ఆ బండ మీద ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. అయ్య తరఫున పూజారి లేచేవాడు. అమ్మ తరఫున పూజారిణి లేచేది. లేచి ఇద్దరూ పోట్లాడుకునేవారు. ఆ దేశంలో అన్నిటికన్నా పెద్ద పూజ ఇదే.

పూజారీ పూజారిణీ మొగుడూ పెళ్ళాలే అయి ఉండాలి. పెళ్ళయి పదేళ్ళు నిండని జంటకు ఈ పని ఇచ్చేవారు కాదు. అంతకు ముందైతే సరుకు చాలదని పెద్దల అభిప్రాయం.

పోట్లాటకు మూడు నియమాలు. లేని తప్పు ఎత్తకూడదు. ఎదుటివారి జవాబు వినకుండా లేచిపోకూడదు. చివరకు ఒకే ముంతలో మజ్జిగ ఇద్దరూ తాగాలి.

ఆ మజ్జిగ గొంతు దిగగానే ఎండా వానా కలిసి వచ్చేవి. ఆ ఘడియే కుక్కలకూ నక్కలకూ పెళ్ళి ముహూర్తం. పాపం, ఏడాది మొత్తానికి వాటికి అదొక్కటే. మర్నాటి నుంచి ఎండ తన వంతుకు, వాన తన వంతుకు వచ్చి పోతుండేవి. పైరు పండేది.

మన కథ నాటికి పూజారిణి రావులమ్మ. పూజారి ఆమె భర్త ఓబులయ్య. రావులమ్మ ఎండుమిరపకాయలా సన్నగా ఉండేది. గొంతు మాత్రం నగారా. ఓబులయ్య లావుగా, నిదానంగా ఉండేవాడు. అతనికి మాట ఆలస్యంగా వచ్చేది గాని, వచ్చిందంటే తగలవలసిన చోటే తగిలేది.

"ఏమయ్యా! వేసవిలో మీ రాయుడు మా వాగు మొత్తం తాగేశాడు. దాహమా, దుర్మార్గమా?" అని రావులమ్మ కొంగు దోపుకునేది.

"తాగక ఏం చేస్తాడే? మీ అమ్మ పుట్టింటికి పోయినదానిలా కనపడకుండా కూర్చుంటే!"

"కూర్చోదా మరి? పిలిచే గొంతులో కాస్త తడి ఉండాలి గదా!"

"చివరికి వచ్చి ఉద్ధరించిందిలే. పోతూ పోతూ కుమ్మరి వీధిని కూడా వెంట పట్టుకుపోయింది!"

జనం కడుపులు పట్టుకుని నవ్వేవారు. పైన మబ్బు చాటున ఎవరో నవ్వు ఆపుకుంటున్నట్టు సన్నగా ఉరిమేది.

ఇలా ఉండగా ముసలి రాజు కాలం చేశాడు. ఆయన కొడుకు మృదుపాలుడు గద్దెనెక్కాడు.

మృదుపాలుడు చెడ్డవాడు కాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే జనానికి ఏం చేయాలో తెలిసేది. ఆయన చిన్నప్పటి నుంచీ అమ్మమ్మగారి దేశంలో పెరిగాడు. ఆ దేశం మర్యాదలకు పుట్టిల్లు. అక్కడ ఎవరింట్లోనైనా వాన కారి నెత్తిన పడితే, "మీ పైకప్పు ఎంత ఉదారమైనదండీ" అనేవారు. ఎవరైనా కాలు తొక్కితే, "మా కాలు పోయి మీ కాలి కింద పడింది, మన్నించండి" అనేవారు.

కొత్త రాజు మొదటిసారి జగడాల బండ దగ్గరికి వచ్చాడు. ఆ ఏడు రావులమ్మ మంచి ఊపు మీద ఉంది.

"మీ రాయుడికి పొద్దున్నే లేవడం తప్ప ఇంకేం చేతనవును?" అని ఆమె అనగానే రాజు రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఆపండి! దయచేసి ఆపండి! దేవుళ్ళను తిడతారా? అదీ నలుగురిలో? అదీ నవ్వుతూ?"

"తిట్టడం కాదు మహారాజా, పూజ" అన్నాడు ఓబులయ్య.

"పూజకు పువ్వులు చాలు. నేటి నుంచి మా రాజ్యంలో ఎవరూ ఎవరినీ పరుషపు మాట అనరాదు. దేవుళ్ళను గాని, దేవుళ్ళ తరఫున గాని, ఇంట్లో ఆలుమగలు ఒకరినొకరు గాని. అందరూ అందరినీ 'మీరు' అనాలి. పేరు చివర 'గారు' చేర్చాలి. ఇది మా ఆజ్ఞ. మీకెవరికీ అభ్యంతరం లేకపోతే."

అభ్యంతరం చెబితే అదే మొదటి పరుషపు మాట అయ్యేట్టుంది. కాబట్టి ఎవరూ చెప్పలేదు. ఆ ఏడు మజ్జిగ ముంత ఎవరి నోరూ తగలకుండా ఇంటికి తిరిగిపోయింది.

నిజం చెప్పాలంటే, మొదట్లో రావులమ్మకు ఈ ఆజ్ఞ నచ్చింది. "రావులమ్మగారూ, నీళ్ళు తోడమంటారా?" అని మొగుడు చేతులు కట్టుకుని అడుగుతుంటే ఎవరికి చేదు? ఇన్నేళ్ళూ "ఏమే" అన్న నోరు "గారూ" అనేసరికి, ఇంకెవరైనా వచ్చారేమోనని ఆమె ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి కూడా చూసుకుంది.

కాని ఆకాశానికి ఏదో అయింది.

ఎండ రాలేదు. వానా రాలేదు. పొద్దు పొడుస్తోంది, పొడిచి మబ్బు వెనకే ఆగిపోతోంది. మబ్బు పడుతోంది, పట్టి అలాగే నిలబడిపోతోంది. లోకమంతా బియ్యం కడిగిన నీళ్ళ రంగులో ఉంది. ఉతికిన బట్ట ఆరదు. చూరు కింద పెట్టిన కుండ నిండదు.

మూడు పక్షాలవారు రాజుగారి దగ్గరికి వచ్చారు.

ముందు రైతు వచ్చాడు. "మహారాజుగారూ, నారు పోశాం. మొలక తల ఎత్తింది. ఎత్తి, పైకి పోవాలో లోపలికి పోవాలో తెలియక ఆగిపోయింది. ఇలాగే ఉంటే ఈ ఏడు గింజ ఇల్లు చేరదు. ఊరికే చెబుతున్నాను. తప్పుపట్టడం కాదు."

తరవాత కుమ్మరి వచ్చాడు. "ప్రభువుగారూ, కుండలు చేశాం. ఆరవు. ముట్టుకుంటే తిరిగి మట్టిముద్ద అయిపోతున్నాయి. చాలా మర్యాదగానే అవుతున్నాయి లెండి."

చివరకు ఒంటికి పసుపు పూసుకున్న ఒక కుక్క వచ్చింది. ఆ రాజ్యంలో జంతువులు మాట్లాడేవి. ఎవరూ వింతపడేవారు కాదు.

"రాజుగారూ, నేను పెళ్ళికొడుకుని. పెళ్ళికూతురు నక్కలవారి అమ్మాయి. ఎండా వానా కలిస్తే గాని మాకు ముహూర్తం లేదు. పందిరి వేసుకుని కూర్చున్నాం. నక్కలవారంతా మా ఇంట్లోనే విడిది. వాళ్ళు ఆకలి మీద ఎంతసేపు మర్యాదగా ఉంటారో నేను చెప్పలేను. ఊళ్ళో కోళ్ళు ఉన్నవాళ్ళు ఆలోచించుకోవాలి."

రాజు ముగ్గురి మాటలూ శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు. మర్యాద ఇంకా చాలలేదు కాబోలు అనుకున్నాడు.

మొదట ఆస్థాన కవిని పిలిపించి స్తోత్రం చదివించాడు. కవి ఎవరినీ నొప్పించకూడదని ఎండరాయుణ్ణి "చల్లని తండ్రీ" అన్నాడు. చినుకమ్మను "ఎవరినీ తడపని తల్లీ" అన్నాడు. ఆకాశం ఇంకొంచెం పాలిపోయింది.

రెండోసారి కానుకలు పంపాడు. ఎండ తగలకుండా అయ్యకు ముత్యాల గొడుగు పట్టించాడు. తడవకుండా అమ్మకు పట్టుశాలువా కప్పించి, గుడి పైకప్పుకు ఉన్న కన్నాలన్నీ పూడ్పించాడు. మబ్బు ఇంకొంచెం దట్టమైంది.

మూడోసారి దేశమంతటినీ నిలబెట్టి, వెనకటి తిట్లన్నిటికీ క్షమాపణ చెప్పించాడు. ఆ రోజు అంతవరకూ వీస్తున్న కాస్త గాలి కూడా ఆగిపోయింది. "నేను అడ్డుగా ఉన్నానేమో, మన్నించండి" అన్నట్టు పక్కకు తప్పుకుంది.

ఒకనాటి ఉదయం రావులమ్మ అమ్మవారి ముఖం కడుగుతోంది. అంతలో అమ్మవారి వాహనమైన కప్ప మబ్బుల్లోంచి దిగి, థపుక్కున నీళ్ళ తొట్టిలో పడింది.

"చూళ్ళేకపోతున్నానే రావులమ్మా! పైన వాళ్ళిద్దరినీ చూళ్ళేక దిగొచ్చేశాను" అంది.

"ఏం జరిగిందండీ కప్పగారూ?"

"నువ్వు కూడానా! గారూ లేదు, బూరే లేదు. విను. అమ్మేమో, 'ముందు స్వామివారిని కాయనివ్వండి, ఆ తరవాత నేను కురుస్తాను' అంటుంది. స్వామేమో, 'అబ్బెబ్బే, అమ్మగారు కురిశాకే నేను' అంటాడు. 'మీరు పెద్దవారు' అని ఈవిడ. 'మీరు సుకుమారులు' అని ఆయన. తెల్లవారి మొదలుపెడితే పొద్దుగూకేదాకా ఇదే వరస. ఇద్దరికీ 'సరే సరే' అని తల ఊపీ ఊపీ తొండకు మెడ పట్టేసింది."

"వాళ్ళకెందుకు పట్టుకుంది ఈ రోగం?"

"ఎందుకేమిటి? సంసారం ఎలా చెయ్యాలో వాళ్ళు మిమ్మల్ని చూసేగా నేర్చుకున్నారు! ఏడాదికోసారి మీరు వాళ్ళ మనసులో మాట బయటికి లాగితే, దులుపుకుని పనిలోకి దిగేవాళ్ళు. ఇప్పుడు ఏడాది కోపమంతా ఇద్దరి కడుపుల్లోనూ కుతకుతలాడుతోంది. పైన మర్యాద మూత పెట్టుకుని కూర్చున్నారు."

రావులమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగున రాజు దగ్గరికి పోయింది. విన్నదంతా చెప్పింది.

రాజు చిరునవ్వు చెదరకుండా విన్నాడు. "రావులమ్మగారూ, కప్పగారి అభిప్రాయాన్ని మేము గౌరవిస్తాం. కాని మర్యాదలో దోషం ఎలా ఉంటుంది? దోషం ఉంటే పూజలోనే ఉండాలి. వచ్చే అమావాస్యకు ఆకాశం తెరుచుకోకపోతే, మీ దంపతులకు దూరదేశాలు చూసే భాగ్యం కలగజేస్తాం" అన్నాడు.

రావులమ్మ దణ్ణం పెట్టి బయటికి వచ్చింది. ఆ మాటకు అర్థమేమిటో వాకిట్లో కాపలావాడు విడమరిచి చెప్పాడు.

"వెళ్ళగొడతారట, తల్లీ."

రావులమ్మ పడమటి కొండ వైపు చూసింది. కొత్తకోడలిగా ఆ కొండ ఎక్కింది. అమ్మవారి ముఖం కడగకుండా ఆమెకు ఒక్క పొద్దూ గడవలేదు. ఇప్పుడు ఏ దేశం పోయి, ఎవరి ముఖం కడగాలి? పోనీ తను పోతే పోయింది, మడుల్లో ఆ మొలకల గతి ఏమిటి?

పోట్లాట జరగాలి. కనీసం ఇంట్లో, నాలుగు గోడల మధ్యనైనా జరగాలి. కింద రాజుకుంటే పైన అంటుకోకపోదు.

కాని పోట్లాటకు ఇద్దరు కావాలి. పైగా, లేని తప్పు ఎత్తకూడదు. ఓబులయ్యలో ఎత్తడానికి ఇప్పుడు ఏ తప్పూ దొరకడం లేదు. నిద్రలో గురక వచ్చినా లేచి కూర్చుని క్షమాపణ చెబుతున్నాడు. అందుకని రావులమ్మ బాగా ఆలోచించి, తప్పు తానే చేద్దామనుకుంది. అప్పుడు తిట్టక చస్తాడా?

మొదటి రోజు పులుసులో ఉప్పు వేయలేదు.

"ఎలా ఉందండీ?"

ఓబులయ్య ఒక ముద్ద మింగాడు. "అమృతం, రావులమ్మగారూ. ఇన్నాళ్ళూ ఉప్పు వల్లనే రుచి చెడిందని నాకు తెలియలేదు."

రెండో రోజు పిడికెడు ఉప్పు కుమ్మరించింది. ఓబులయ్య నాలుక బయటికి వచ్చింది. కాసేపటికి లోపలికి పోయింది.

"సముద్రం చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక. మీరు కంచంలోకే తెచ్చారు."

మూడో రోజు ఖాళీ కంచం పెట్టింది.

ఓబులయ్య కంచం వంక చూశాడు. పెళ్ళాం వంక చూశాడు. మళ్ళీ కంచం వంక చూశాడు. ఆచారం తప్పకుండా చేయి కడుక్కుని, నీళ్ళు తాగి లేచాడు.

"కడుపు ఎంత తేలికగా ఉందో! మీ ఆలోచనే ఆలోచనండీ."

రావులమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. పొయ్యి వెలగడం లేదు గనుక పొగ వంక పెట్టడానికి కూడా వీల్లేకపోయింది. ఓబులయ్య అరుగు మీద నుంచి చూశాడు. లేచాడు. కూర్చున్నాడు. ఏడుస్తున్న పెళ్ళాన్ని మర్యాదగా ఏమని పలకరించాలో అతనికి తోచలేదు. "ఎందుకేడుస్తున్నావే?" అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆజ్ఞ గుర్తొచ్చి వెనక్కి పోయింది. రాజు మాట జవదాటకుండా ఉంటే కొండ మీద ఉండనిస్తారేమోనని అతని ఆశ. అందుకే ఉప్పుకూ, ఉప్పులేమికీ, ఖాళీ కంచానికీ కూడా దణ్ణం పెడుతున్నాడు.

అమావాస్య వచ్చింది. ఆకాశం తెరుచుకోలేదు.

వెళ్ళగొట్టడం కూడా ఎంతో మర్యాదగా జరిగింది. జగడాల బండ దగ్గర మేళతాళాలు పెట్టించారు. జనమంతా వచ్చారు. వీడ్కోలు చూడటానికని రెండు విగ్రహాలనూ కిందికి దించారు. గొడుగు కింద అయ్య, శాలువాలో అమ్మ. రావులమ్మ నెత్తిన మూట, చేతిలో దారికని మజ్జిగ ముంత. రాజు స్వయంగా ఇద్దరికీ దండలు వేశాడు.

"సుఖంగా వెళ్ళి రండి. రావడానికి తొందరేమీ లేదు" అన్నాడు.

మేళం ఆగింది. అప్పుడు ఒక శబ్దం వినిపించింది.

గుర్ర్ర్...

"ఉరిమింది!" అని రైతు పైకి చూసి చేతులు జోడించాడు.

"ముహూర్తం!" అని కుక్క పందిరివైపు పరుగు తీసింది.

ఆకాశం ఎక్కడిదక్కడే ఉంది. మళ్ళీ వినిపించింది. గుర్ర్ర్ర్...

"పైన కాదర్రా, కింద" అంది కప్ప.

అందరి కళ్ళూ మెల్లగా కిందికి దిగి, ఓబులయ్య పొట్ట మీద ఆగాయి.

"ఆకలి వేస్తోందాండీ?" అని అడిగింది రావులమ్మ.

"లేదు, రావులమ్మగారూ. నిండుగా ఉంది."

గుర్ర్ర్ర్ర్...

రావులమ్మ నెత్తిమీది మూట దించి కింద పెట్టింది. ముంత పక్కన పెట్టింది. కొంగు దోపుకుంది. ఆ కొంగు దోపడం చూసి ముందు వరసలో జనం ఒక అడుగు వెనక్కి వేశారు.

"నీ కడుపు నిజం చెబుతోంది. నీ నోరు అబద్ధమాడుతోంది. కాపరానికి వచ్చిన నాటి నుంచీ నా దగ్గర నువ్వు అబద్ధమాడగా వినలేదు. చెప్పవయ్యా, నిన్న నీ కంచంలో నేనేం పెట్టాను?"

"రావులమ్మగారూ, 'నువ్వు' అనరాదు" అని రాజు మెల్లగా గుర్తుచేశాడు.

"వెళ్ళగొట్టినవాళ్ళకు ఇంకా ఆజ్ఞలేమిటి మహారాజా? దండ కూడా వేసేశారు" అని, ఆమె మళ్ళీ ఇటు తిరిగింది. "ఏం పెట్టాను?"

ఓబులయ్య రాజు వంక చూశాడు. "ఏ... ఏమీ..."

"గట్టిగా!"

"ఏమీ పెట్టలేదే!"

ఇన్నాళ్ళకు ఆ మాట చివర "ఏ" వినేసరికి జనం గుండెలు జల్లుమన్నాయి. ఓబులయ్యకు ఇక పట్టపగ్గాలు లేవు.

"ఖాళీ కంచం పెట్టావు! అంతకు ముందు రోజు సముద్రం పెట్టావు! దాని ముందు రోజు గడ్డి పెట్టావు! నేనేమన్నా గంగిరెద్దుననుకున్నావా, తల ఊపడానికి?"

"మరి ఊపావేం?"

"భయమేసి ఊపానే! నోరు జారితే నీ కొండ నీకు కాకుండా పోతుందని ఊపాను! అమ్మ ముఖం కడగందే నువ్వు పచ్చి మంచినీళ్ళు ముట్టవు. ఆ ముఖం దూరమైతే నువ్వెలా బతుకుతావని ఊపాను!"

నియమం ప్రకారం రావులమ్మ జవాబు పూర్తిగా వినాలి. విన్నది. కళ్ళు తుడుచుకుంది. ముక్కు కూడా తుడుచుకుంది.

"పిచ్చి మొగుడా! నువ్వు మాట్లాడని కొండ ఉంటేనేం, పోతేనేం?" అంది. తరవాత గొంతు సవరించుకుంది. "సరే. మన జగడం అయింది. ఇక వాళ్ళది."

ఆమె విగ్రహాల వైపు తిరిగి చేయి చాచింది.

"ఏమయ్యా! మీ రాయుడు గొడుగు కింద కూర్చున్నాడేం? ఎండకు ఎండదెబ్బ తగులుతుందనా?"

"మీ అమ్మ శాలువా కప్పుకుందేం? వానకు జలుబు చేస్తుందనా?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు వైపు చూసి నోరు మూసుకున్నారు. మళ్ళీ ఆగలేక నవ్వారు.

"నిరుడు కంకి పాలు పోసుకునే వేళ మీ రాయుడు మొహం చాటేశాడు. గింజ తాలుపోయింది. ఎక్కడికి పోయినట్టో?"

"మీ అమ్మ పక్కకు తప్పుకుంటే గదా కనపడటానికి! పిలవని పేరంటానికి వచ్చినట్టు కోతల్లో వచ్చి, కుప్పలన్నీ తడిపి పోయింది!"

గుడుగుడుగుడు...

అందరూ ఓబులయ్య పొట్ట వంక చూశారు.

"ఈసారి నేను కాదు" అన్నాడు ఓబులయ్య.

ఈసారి పైనే. మబ్బుల్లోంచి ఒక ఆడగొంతు వినిపించింది. "కోతల్లో రావద్దని ముందే చెప్పవచ్చు గదా!"

దాని వెనకే ఒక మగగొంతు. "చెబితే వినే రకమా నువ్వు?"

"నువ్వు చెప్పి చూశావా?"

"నువ్వు అడిగి చూశావా?"

పక్కకు తప్పుకున్న గాలి, ఇది తన ఇల్లేనని గుర్తొచ్చినట్టు విసురుగా తిరిగి వచ్చింది. అయ్య మీది గొడుగు ఎగిరిపోయింది. అమ్మ మీది శాలువా దాని వెంట పోయింది. పడమటి కొండ మీద కన్నాలకు కొట్టిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది.

రావులమ్మ ముంత అందుకుని ఒక గుక్క తాగి మొగుడికిచ్చింది. ఓబులయ్య మొదలుపెట్టినవాడు ఆపలేదు.

"నాకుంచవయ్యా!"

"ఖాళీ కంచం పెట్టినదానివి, ఖాళీ ముంత పుచ్చుకో!"

అతను ముంత బోర్లించాడో లేదో, ఎండా వానా కలిసి దిగాయి. వెలుగంతా తడిసింది. తడి అంతా మెరిసింది. రైతులు మడుల వైపు పరుగెత్తారు. "అయ్యో, నా కుండలు!" అని కుమ్మరి, చాలా కాలం తరవాత హాయిగా గొంతెత్తి దేవతను తిట్టుకుంటూ ఇంటికి పరుగెత్తాడు. నక్కలవారు పెళ్ళికూతుర్ని మోసుకుని వచ్చి, తడుస్తూనే తాళి కట్టించేశారు. ఊళ్ళో కోళ్ళు ఊపిరి పీల్చుకున్నాయి.

బండ మీద రాజు ఒంటరిగా తడుస్తున్నాడు, ఆరుతున్నాడు. చివరికి అడిగాడు.

"నాలోనూ తప్పు ఉందా?"

జనం తల వంచుకున్నారు. అలవాటైన మర్యాద అంత తొందరగా పోదు. పెళ్ళికొడుకు కుక్క మాత్రం ముందుకు వచ్చింది.

"చెప్పమంటావా?"

"చెప్పండి."

"చెప్పు అంటేనే చెబుతాను."

రాజు బండ మీద కూర్చున్నాడు. "చెప్పు."

"మేము మా బాధ చెప్పుకున్నాం. నువ్వు విన్నావు. తల ఊపావు. మళ్ళీ నీకు తోచిందే చేశావు. అలా ఊపడానికి తొండ చాలు, రాజెందుకు?"

రాజు ముఖం కందిపోయింది. లేవబోయాడు. రెండో నియమం గుర్తొచ్చి ఆగిపోయాడు. కుక్క వైపు తిరిగి చెప్పాడు.

"నిజమే. ఎదురుమాట వింటే నాకు భయం. విన్నాక ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు."

"ఏముంది? ఇదిగో, మజ్జిగ తాగాలి" అంది కుక్క.

రావులమ్మ పెళ్ళి పందిట్లోంచి మజ్జిగ తెచ్చి ముంత నింపింది. ముందు కుక్క తాగింది, కుక్క తాగే పద్ధతిలోనే. తరవాత ముంతను ముక్కుతో రాజు వైపు నెట్టింది. రాజు ముంత వంక చూశాడు. కుక్క వంక చూశాడు. అమ్మమ్మగారి దేశంలో నేర్చుకున్న మర్యాదలన్నీ ఒక్కసారి తలచుకుని, కళ్ళు మూసుకుని తాగేశాడు.

జంటగిరి ఎన్నడూ అంతగా నవ్వలేదు. మొదట నవ్విందెవరో గాని, చివరిదాకా నవ్వింది మాత్రం రాజే.

ఆజ్ఞ ఆ రోజే రద్దయింది. మరుసటి ఏటి నుంచి జగడాల బండ మీద రాజుకు కూడా ఒక పీట వేశారు. దేవుళ్ళ జగడం అయ్యాక, ప్రజల్లో ఒకరు లేచి ఆ మూడు నియమాలకూ లోబడి రాజును కడిగేవారు. ఆయన వినేవాడు. జవాబు చెప్పేవాడు. మజ్జిగ తాగేవాడు.

ఇక ఆ సాయంత్రం ఓబులయ్య పీట వాల్చుకుని కూర్చున్నాడు. వేడి అన్నంలో పులుసు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"పులుపు ఎక్కువైందే."

"నోరు మూసుకుని తిను" అని రావులమ్మ ఇంకో గరిటె పోసింది.

కథ తడిసింది, ఆరింది. ఇక మడతపెట్టి దాచుకోవలసిన మాట ఒక్కటే: నోరు మూయించే మర్యాద కన్నా, జవాబు వినే జగడం మేలు.